నా తల మీది ఒట్టు

మొన్న సాయంత్రం పక్కింటావిడ కూతుర్ని వెంటబెట్టుకుని, ఒక పుస్తకం, ఒక పెన్సిలు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. కుప్పంలో మా వీధిలో నాకెందుకో టీచరమ్మ అని పేరు పడిపోయింది. నేను ఏ బడిలోనూ ఒక్క రోజు కూడా పాఠం చెప్పలేదు, కళ్ళజోడు చూసి అనుకుంటారేమో. "అక్కా, పాపకి సోమవారం పరీక్ష. యాడ యాడ ఇంపార్టెంటో రొంత టిక్కు పెట్టియ్యి" అంది ఆవిడ. రెండో తరగతి పుస్తకం. మన ఇల్లు, మన చుట్టూ మొక్కలు, వాన ఎలా వస్తుంది. పాప వాళ్ళమ్మ చున్నీ కొస నములుతూ నా చేతికేసే చూస్తోంది. పెన్సిలు తీసుకున్నాను, పేజీలు తిప్పాను, టిక్కు మాత్రం పెట్టలేకపోయాను. అన్నీ ఇంపార్టెంటేనని పుస్తకం తిరిగి ఇచ్చేశాను. ఆవిడ మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళింది. ఇంత మాత్రానికి ఈమెకెంత గీర అనుకునే ఉంటుంది, అనుకోనీ.

పదకొండేళ్ళ కిందట, నా పెళ్ళికి ముందు, పుంగనూరులో మా అక్క ఇంట్లో ఉండేదాన్ని. డిగ్రీ అయింది, ఉద్యోగం లేదు, నాన్న తెచ్చిన సంబంధాలు నాకు నచ్చేవి కావు, నేను నచ్చినవాళ్ళు నాన్నకు నచ్చేవాళ్ళు కారు. బావకు బస్టాండు దగ్గర జిరాక్సు షాపు ఉండేది. ఆయన పెద్దగా మాట్లాడే మనిషి కాదు, తెచ్చిచ్చిన కాగితం తిప్పి చదవని మనిషి. అందుకే ఊళ్ళో రెండు మూడు ప్రైవేటు బడుల వాళ్ళు పరీక్ష పేపర్లు ఆయన దగ్గరే టైపు చేయించుకునేవాళ్ళు. అక్క కూతురి బడి పేపర్లయితే ఆయన ఎవ్వరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు, కంప్యూటరును గోడవైపు తిప్పుకుని తనే కొట్టేవాడు. నాకు తెలుగు టైపింగు వచ్చు కనుక పగలంతా షాపులో ఉండేదాన్ని. సాయంత్రం అక్క కూతురిని కూర్చోబెట్టుకుని చదివించడం నా వంతు. మూడో తరగతి, ఎనిమిదేళ్ళు.

ఆ పిల్ల చదువంతా మిద్దె మీద. బావ వాళ్ళన్నకు కురబలకోట దగ్గర టమాటా తోట. మార్కెట్టుకు పనికిరాని విరిగిన ప్లాస్టిక్ ట్రేలు మా మిద్దె మీద పడేసి పోయేవాడు. అక్క వాటిలో కొత్తిమీర వేద్దామనుకుంది, ఈ పిల్ల వాటికి బడి పెట్టింది. పన్నెండు ట్రేలను మూడు వరసల్లో నిలబెట్టి, ఒక్కొక్క దానికి పేరు పెట్టి, హాజరు పిలిచి, చీపురుపుల్ల పట్టుకుని పాఠం చెప్పేది. వాటిలో పచ్చరంగు ట్రేకు ఎప్పుడూ జ్వరమే, దానికి హోంవర్కు ఉండేది కాదు. మొక్కకు ఆకు ఎందుకు, వేరు ఎందుకు, ట్రేలకు తడుముకోకుండా చెప్పేది. అదే ప్రశ్న కాగితం మీద కనిపిస్తే, లేదా ఎదురుగా ఒక పెద్ద మనిషి నిలబడి అడిగితే, నోరు మూతపడిపోయేది. యాభైకి పద్నాలుగు, పదిహేడు, ఇట్లా వచ్చేవి మార్కులు. ఏడాది చివరి పరీక్షలకు ముందు క్లాసు మేడమ్ అక్కను పిలిపించి, ఈసారి కూడా ఇంతేనంటే పిల్లను మళ్ళీ మూడులోనే కూర్చోబెడతామని చెప్పింది. అక్క ఆ రోజు అన్నం తినలేదు.

పరీక్షలకు నాలుగు రోజులుండగా బావకు తోట దగ్గరికి వెళ్ళాల్సిన పని పడింది. పోతూ పోతూ అక్క కూతురి బడి కాగితాల కవరు నా చేతికిచ్చి, "రొంత నువ్వు కొట్టేయమ్మా, నిన్ను నమ్మకుంటే ఇంకెవుర్ని నమ్మేది" అన్నాడు. మధ్యాహ్నం ఫ్యాను కింద కూర్చుని మూడో తరగతి ఈవీయస్, అదే పరిసరాల విజ్ఞానం, పేపరు నేనే టైపు చేశాను. పది ప్రశ్నలు. టైపు చేసిన వేళ్ళు మరిచిపొమ్మంటే మరిచిపోతాయా. నిజం చెప్పాలంటే నేను మరిచిపోవాలని ప్రయత్నించనే లేదు. ఇంటికి వెళ్ళి పిల్ల పుస్తకం తెరిచి, పెన్సిలుతో సరిగ్గా ఆ పదింటికీ టిక్కులు పెట్టాను.

మూడు రోజులు ఆ పదే రాయించాను. ట్రేలను గోడవారగా నెట్టేసి, పలక మీద, నోటు మీద, ఒక్కోటి ఇరవైసార్లు. చేయి నొప్పి అన్నా వినలేదు. మిగతా పాఠాలు ఎందుకు చదవద్దని అడిగింది. పరీక్ష ముందురోజు నాకు భయం వేసింది, ఈ పిల్ల ఎక్కడైనా నోరు జారితే బావ పరువు ఏం కావాలి? "నేను టిక్కులు పెట్టినట్టు ఎవురికీ చెప్పగూడదు, నా తల మీద చెయ్యి పెట్టి ఒట్టెయ్యి" అన్నాను. పిల్లలతో ఆడుకుంటూ రోజుకు పదిసార్లు వేయించుకునే ఒట్టే కదా అది. తన చిన్న చెయ్యి నా తల మీద పెట్టి, కళ్ళు మూసుకుని, ఒట్టు వేసింది.

యాభైకి నలభై ఎనిమిది వచ్చాయి. ఎప్పుడూ పదిహేడు దాటని పిల్లకు అన్ని వస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది, మేడమ్‌ను తప్పు పట్టను. ఆవిడ పిల్లను తరగతి ముందు నిలబెట్టి, పేపరులో లేని ప్రశ్నలు నాలుగు అడిగింది. పిల్ల నోరు మూతపడిపోయింది. జవాబు కాగితం మీద ఎర్రసిరాతో కాపీ అని రాసి, సంతకానికి ఇంటికి పంపారు. సెలవులిచ్చేదాకా మిగిలిన రోజులన్నీ వరండాలో గోడకు మొహం పెట్టి నిలబెట్టారట.

అక్క ఆ కాగితం చూసి పిల్లను రెక్క పట్టుకుని వంటింట్లోకి లాక్కొచ్చింది. నేను అక్కడే చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను. "ఎవుర్ది చూసి రాస్తివి? చెప్తావా లేదా?" అని రెండు దెబ్బలు వేసింది. పిల్ల చెప్పలేదు. నాకేసి చూసింది. మొహంలోకి కాదు, కొంచెం పైకి, నా తలవైపు. ఎందుకో నాకు అర్థం కాలేదు. చెప్పెయ్యాలని నోటిదాకా వచ్చింది. చెబితే బావ షాపుకు ఇంకో కాగితం రాదు, నన్ను నమ్మి ఇచ్చిన కవరు. చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చున్నాను. నేను పిరికిదాన్ని.

రెండు రోజుల తర్వాత మిద్దె మీదికి వెళితే పదకొండు ట్రేలు వరసలో ఉన్నాయి, జ్వరం ట్రే మాత్రం గోడవైపు తిప్పి ఉంది. అదేం చేసిందని అడిగాను. "కాపీ కొట్టింది" అంది. నిజంగా కొట్టిందా అని అడిగాను.

"లేదు. అయినా నిలబడాల."

"మరి నువ్వు యాల చెప్పలేదు, అమ్మ అంత కొడతా ఉంటే?"

"చెప్తే నీ తల పగిలిపోతాది గదా చిన్నమ్మా" అంది, నాకీమాత్రం తెలియదా అన్నట్టు.

అప్పుడైనా ఒట్టు తీసి గట్టున పెట్టేశానని ఒక్క మాట అనుంటే సరిపోయేది. నేను ఆ పిల్ల తల నిమిరి, మంచి పిల్లవి అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం. ఆ మార్కులు కొట్టేసి పిల్లను మళ్ళీ మూడులో కూర్చోబెట్టారు. తనకంటే పొట్టి పిల్లల మధ్య ఒక ఏడాది కూర్చుంది. ట్రేలలో అక్క కొత్తిమీర వేసింది.

ఇప్పుడా పిల్ల మదనపల్లెలో టీచరు ట్రైనింగు చేస్తోంది, అక్కా వాళ్ళు కూడా అక్కడికే మారారు. పోయిన నెల వెళ్ళినప్పుడు, చిన్న పిల్లలకు చెప్పడానికి అట్టలు కత్తిరించుకుంటూ కూర్చుని ఉంది. అక్క పక్కగదిలో బట్టలు మడతపెడుతూ ఏదో మాటమీద, "మూడో తరగతిలోనే కాపీ కొట్టిన దానివి, నువ్వు పిల్లోళ్ళకి చెప్తావా" అని నవ్వింది. ఇన్నేళ్ళూ ఆ ఇంట్లో అదొక హాస్యం. పిల్ల తల ఎత్తలేదు. నేను దగ్గరికి వెళ్ళి మెల్లగా, "ఒట్టు తీసేస్తాండాను, గట్టున పెట్టేసినా. అమ్మకి చెప్పేయ్" అన్నాను. అది కత్తెర పక్కన పెట్టి, అప్పుడే నెరుస్తున్న నా పాపిట మీద చెయ్యి వేసి చూసింది.

"బాగానే ఉండాది చిన్నమ్మా నీ తల" అంది. తర్వాత, "నేను చెప్తే ఏముండాది, నువ్వే చెప్పు" అంది.

నేను సాయంత్రం బస్సుకు కుప్పం వచ్చేశాను. మొన్న పక్కింటావిడ వెళ్ళాక అక్కకు ఫోన్ చేశాను. తిన్నావా అని అడిగింది, తిన్నానన్నాను. ఏం సమాచారం అంది, ఏం లేదన్నాను. ఎనిమిదేళ్ళ పిల్ల నా తల కోసం పదకొండేళ్ళు ఒక మాట దాచిపెట్టగలిగింది, నాకు మాత్రం ఆ మాట చెప్పడానికి ఇంకా టైము దొరకలేదు.