కాలువ వైపు కుర్చీ

రోడ్డు వెడల్పు చేస్తున్నారని నిన్న అమలాపురంలో మా బట్టల కొట్టు ముందుగోడ కొట్టేశారు. సామాన్లు సర్దడానికి వెళ్లి, ఏళ్లుగా మూసి ఉన్న వెనక తలుపు తీశాను. కొత్త బట్టల గంజివాసనలో కాలువ పాచివాసన కలిసింది.

గుర్తుందా, మన ఊళ్లో పాత కొట్ల వెనక కాలువలోకి మెట్లుండేవి? అసలు ముందువైపు అదే. జనం పడవల్లో వచ్చేవారు కాబట్టి బజారు కాలువ వెంబడే వేశారట. బస్సులొచ్చి అవతలి పక్కన రోడ్డు పడ్డాక, నాన్నగారు అటువైపు గోడ పగలగొట్టించి తలుపు పెట్టించారు. ఆ తలుపుకి ఎదురుగా బల్ల వేసుకున్నారు. తాతగారు మాత్రం కాలువ వైపున్న తన కుర్చీ తిప్పలేదు. రోడ్డు మీంచి ఎవరొచ్చినా తల ఒక్కటే తిప్పి, "ఆయ్, రండి" అనేవారు.

"అందరూ నవ్వుతున్నారండి నాన్నగారూ" అని మా నాన్నగారు విసుక్కునేవారు.

"గోదారి లంకల్లోంచి ఇంకా ఒకరిద్దరు పడవ మీదే వస్తున్నార్రా. మెట్లెక్కి వచ్చినవాళ్లకి వీపు చూపిస్తామా?" అనేవారు తాతగారు.

నిన్న నేను తలుపు తీయగానే నాన్నగారు తాతగారి పాత కుర్చీ తెచ్చి, కాలువ వైపు వేసుకుని కూర్చున్నారు.

"పడవలే లేవు కదండీ, ఇటెవరొస్తారు?" అన్నాను.

"ఎవరూ రారమ్మా" అన్నారు. "అన్నేళ్లూ రోడ్డు వైపు తిరిగి కూర్చుని, ఆయనకే వీపు చూపించేను."