హేత్ పలికిన ఆదివారం

నా చిన్నప్పుడు ఒకచోట కుదురుగా కూర్చోవడం నాకు చేతనయ్యేది కాదు. చోడవరంలో మా చర్చి పిల్లలందరం కలిసి ఒక పొడవాటి కీర్తన ఒప్పజెప్పాల్సిన ఆ వారమైతే మరీను. హీబ్రూ అక్షరాల వరసలో సాగే కీర్తన అది. ఒక్కొక్కరికి ఒక భాగం. ముందు ఆ అక్షరం పేరు పలికి, తర్వాత భాగం చెప్పాలి. నాకు హేత్ వచ్చింది.

మా వీధిలో ‘హ’ పలికేవాళ్లు తక్కువ. హాస్పిటల్ మాకు ఆస్పటలే. నేను ‘ఏత్’ అనేవాణ్ని. పాస్టరుగారు గొంతు లోపలినుంచి గరగరమనిపిస్తూ పలికి చూపించేవారు. ఆదివారానికి రాకపోతే నా భాగం ఇంకొకడికి ఇస్తామన్నారు. భాగమంతా నాకు కంఠతా వచ్చు. ఒక్క అక్షరం కోసం అది పోతుందన్న బెంగతో ఇంట్లోకీ వాకిట్లోకీ తిరుగుతూనే ఉన్నాను. అన్నం సహించలేదు.

మా నాన్నమ్మను మామ్మ అనేవాళ్లం. పాస్టరుగారు పలికింది చర్చి గుమ్మం దగ్గర ఆవిడా వింది. శనివారం మధ్యాహ్నం నా చేతికి ఒక చెరుకు ముక్క ఇచ్చింది. తీపి తక్కువ, పీచు ఎక్కువ. కావాలనే ఏరిందని తర్వాత అర్థమైంది.

“కూకోరా. ఆ కాళ్లు ఆపీ ముందు.”

గబగబా నమిలాను. పీచు గొంతుకు అడ్డం పడింది. వేలు పెట్టి తీయబోతే చెయ్యి పట్టుకుంది.

“మింగీకు. కాకరించు.”

కఫం తెమిల్చినట్టు గొంతు గీరి కాకరించాను. పీచు ఊడి వచ్చింది.

“మీ పాస్టరుగారు అన్నాది అదే కదేటి? దానెనకాల మిగతాది తగిలించు.”

తగిలించాను. మళ్లీ అంటే పీచు లేకుండానే వచ్చింది. ఇంత అవస్థ దేనికి, మనూళ్లో ఎవరికి తెలుస్తుంది అని గొణిగాను.

“ఆ అచ్చరం ఆ బాసోళ్లది. ఆళ్లన్నట్టే అనాల. నీ పేరు ఎవులైనా సగం కొరికీసి పిలిస్తే ఊరుకుంటావేటి?”

ఆదివారం నేను హేత్ అనగానే, ముందు వరసలో ఒక పెద్దాయన ఎక్కడ ఉమ్ముతానోనని కాళ్లు వెనక్కి లాక్కున్నాడు. పిల్లలు కిసుక్కుమన్నారు. పాస్టరుగారు కళ్లతోనే కానీమన్నారు. చెవులు వేడెక్కిపోతున్నా చివరిదాకా చెప్పి కూర్చున్నాను.

తర్వాత నేను పత్రికలో విలేకరిగా చేరాను. ఇప్పటికీ రావికమతం వైపు ఏ పల్లెలో ఎవరిని కలిసినా, పేరు రాసుకునే ముందు వాళ్లచేత చెప్పించుకుని, నేనూ ఒకసారి పైకి పలికి చూపిస్తాను. బస్సు కదిలిపోతున్నా సరే, వాళ్లు అవునన్నాకే రాసుకుంటాను.