అరచేతిలో చుక్క

సాయంత్రం మా మనవరాలు బడినుంచి రాగానే దాని రెండు చేతులూ వెలుగుకి తిప్పి చూడడం ఈమధ్య నాకు అలవాటైంది. ఎర్రగా కందాయేమో, వాతలు తేలాయేమో అని చూస్తాను. గోళ్ల సందుల్లో బంకమట్టి తప్ప ఏమీ ఉండదు. దొరసానులు పెట్టిన ఆ పసిపిల్లల బడిలో బెత్తమే లేదట; మట్టితో ఎడ్లు చేయిస్తారట, చప్పట్లు కొట్టి పాడిస్తారట. బెత్తం లేని బడి ఉందంటే, నా ఈడువాళ్లు మీరైనా నమ్ముతారా?

మనకు తెలిసిన బడి వేరు. ఆనకట్ట కట్టిన కొత్తరోజుల్లో, నిడదవోలు దగ్గర మా ఊళ్లో, పంతులుగారు ఒకరింటి వీధి అరుగుమీద బడి నడిపేవారు. పొద్దున్నే అందరికంటే ముందు వచ్చినవాడి అరచేతిలో బెత్తం కొనతో మెల్లగా 'శ్రీ' రాసేవారు, రెండోవాడికి చుక్క, మూడోవాడికి ఒక దెబ్బ, ఆ తరవాతివాడికి రెండు, అలా వచ్చిన వరసనుబట్టి దెబ్బలు పెరుగుతూ పోయేవి. మా ఇల్లేమో కాలవకి అవతల. బల్లకట్టువాడు జనం నిండితేగాని తాడు లాగడు. సంతకి పోయే మేకలు ఎక్కాలి, గంపలు ఎక్కాలి, వాడి చుట్ట కాలాలి. నేను కోడి కూయగానే లేచి రేవులో కూర్చున్నా బడికి ఆఖరువాణ్ణే. ఆ సంగతి చెప్పబోతే ఎదురు మాట్లాడినందుకు మరో దెబ్బ. ఆలస్యం బల్లకట్టుది, వాపు నా చేతిది! ఇదెక్కడి న్యాయమండీ? ఎగ్గొడితే పెద్దపిల్లలు వచ్చి కాళ్లూ చేతులూ పట్టుకుని మోసుకుపోయేవారు. ఒకసారి మా నాయనమ్మ నన్ను ఖాళీ గాదెలో దాచింది, ధాన్యపు దుమ్ముకి నేను తుమ్మి పట్టుబడ్డాను. చివరికి ఓనమాలు దాటకుండానే బడి మానేశాను. చదువంటారా, అటకమీది పాత పంచాంగాలు దించుకుని, దారినపోయేవాళ్లని అడుగుతూ నాకు నేనే కూడబలుక్కున్నాను.

అందుకే కోడలు పిల్లని ఆ కొత్తబడికి పంపుతానంటే నాకు మనసొప్పలేదు. "మీరే వెళ్లి చూడండి మావయ్యగారూ, నచ్చకపోతే మాన్పించేద్దురుగాని" అంది తలుపు చాటునుంచి. చూశాను. పిల్ల చేరిన కొన్నాళ్లకి, కిటికీ పక్కన గొడుగు అడ్డం పెట్టుకుని నిలబడి మరీ చూశాను. ఇద్దరు పిల్లలు మట్టి ఎద్దుకోసం జుట్లు పట్టుకున్నారు. ఇప్పుడు బయటికొస్తుంది బెత్తం, అనుకున్నాను. పంతులమ్మ ఇద్దరినీ చెరో పక్కనా కూర్చోబెట్టుకుని, కోపం ఎందుకొచ్చిందో ఒకరి తరవాత ఒకరిని చెప్పమంది. ఒకరు చెబుతుంటే రెండోవారు వినాలట. నా అనుమానం రెట్టింపైంది. పసివాళ్ల నోట ఇంటిగుట్టు లాగే ఎత్తు కాకపోతే, పిల్లల కోపాలతో పెద్దవాళ్లకేం పని? రేపటినుంచి పిల్ల బడికి వెళ్లదని కోడలితో ఖండితంగా చెప్పేసి అరుగుమీద కూర్చున్నాను.

మనవరాలు వచ్చి, అడగకుండానే చేతులు చాపింది. "మా తాతయ్యకి ఎప్పుడూ కోపమేనండీ అని పంతులమ్మగారికి చెప్పేశాను" అంది.

చూశారా, నేను అనుకున్నదే!

"మరి ఆవిడేమంది?"

"ఎందుకో అడిగావా అంది. ఎందుకు తాతయ్యా?"

ఈ వయసుకి వచ్చాను, ఆ మాట నన్నెవరూ అడగలేదు. బల్లకట్టు సంగతి, మేకల సంగతి, నా చేతిలో ఒక్కనాడూ పడని శ్రీ సంగతి చెప్పాను. మధ్యలో మాట్లాడకుండా వింది. తరవాత నా చెయ్యి లాక్కుని, "నాకు శ్రీ ఇంకా రాదు తాతయ్యా, చుక్క పెడతానుండు" అని అరచేతి మధ్య మట్టివేలితో ఒత్తింది.

పిల్లని మాన్పించలేదు. అలాగని నమ్మేశాననీ కాదు. బెత్తం ఏ మూలనో దాచే ఉంటారని రోజూ దాని చేతులు చూస్తూనే ఉన్నాను. పంతులుగారు పోయారు, ఆ అరుగూ పోయింది, బల్లకట్టు ఉన్నచోట వంతెన లేచింది. నా చెయ్యి మాత్రం ఎవరు పట్టుకున్నా ఇంకా ముడుచుకునేది. ఆ సాయంత్రం ముడుచుకోలేదు. అన్నాళ్లూ ఆఖరువాణ్ణి, ఇన్నాళ్లకి రెండోవాణ్ణయ్యాను.