వాగవతలి ఇంటికి మెత్తని షాకబ్జర్లు

గుంటూరు వెళ్లడానికి చీరాలలో నేను రైలెక్కాను, పర్చూరు వైపు మా ఊరి నుంచి మా ఆయన జీపులో బయలుదేరారు. ఇద్దరం వెళ్లేది ఒకే జీపు సామాన్ల కొట్టుకి. ఆ జీపులో కూర్చోవడం నావల్ల కాదు. నేను లేకుండా ఆ జీపుకి కావలసినవి ఎంచడం ఆయనవల్ల కాదు.

అంతకుముందు ఏడాది కార్తీకంలో తుఫాను వస్తుందని, తీసిన పత్తి తడవకుండా ట్రాలీకి ఎక్కిస్తూ నేను జారిపడ్డాను. వెన్నుపూస దెబ్బతింది. మా ఊరు వాగుకి అవతల. ఆ రోజు జీపు వాగు మధ్యలో నీళ్లు మింగి ఆగిపోతే, ట్రాక్టరు తొట్టిలో పరుపు వేసి నన్ను దాటించారు. ఆపరేషన్ అయ్యాక, కొన్నాళ్లు కుదుపులు తగలకూడదని డాక్టరుగారు చెప్పారు. మా ఊరి డొంకలో కుదుపు లేని జానెడు చోటు లేదు. అందుకని చీరాలలో మా చెల్లెలి ఇంట్లో ఉండిపోయాను. మా ఆయన పొలం చూసుకుంటూ ఆదివారం ఆదివారం వచ్చి వెళ్లేవారు.

ఇంకోసారి వాగు దగ్గర అలా కాకూడదని ఆయన జీపుని ఎత్తు చేయించారు. కమాన్ పట్టీల కింద దిమ్మలు వేసి, పెద్ద టైర్లు తొడిగించారు. నీళ్లలో మునగదు, నిజమే. కానీ చక్రం గుంటలో దిగినప్పుడల్లా కింద నుంచి సుత్తితో కొట్టినట్టు దెబ్బ. చెల్లెలి ఇంటి ముందు ఒక్కసారి ఎక్కి, వీధి చివరే దిగిపోయాను. షాకబ్జర్లు మార్చాలని ఎవరో చెబితే, "నువ్వూ రా రత్నం. బాగుందో లేదో నీ నడుమే చెప్పాలి" అన్నారాయన.

మాఘమాసం. పొద్దున ఏడు దాటాక ప్యాసింజరు వచ్చింది. నడుముకి పట్టీ బిగించుకున్న నన్ను చూసి, ఎండుచేపల బుట్టతో ఉన్న వాడరేవు ఆవిడ కిటికీ పక్క సీటు ఖాళీ చేసి ఇచ్చింది. బాపట్ల దాటేసరికి నా సంగతంతా అడిగి తెలుసుకుంది.

"మొగుడు జీపులో, నువ్వు రైల్లోనా? పోట్లాడుకున్నారా?"

"లేదమ్మా. ఆ జీపే నన్ను ఎక్కనివ్వడంలేదు."

"అయితే సవితి అన్నమాట" అని నవ్వింది. నిడుబ్రోలులో దిగుతూ, వెనక్కి ఆనుకోమని తన చుట్టకుదురు గుడ్డ మడిచి నా నడుము వెనక పెట్టి, నేను వద్దనేలోపే వెళ్లిపోయింది. గుంటూరు దాకా ఎండుచేపల వాసనతో హాయిగా కూర్చున్నాను. నడుము బాగాలేనివాళ్లు ఈ దారిలో బస్సు మాట మరిచిపోండి. రైలే నయం. తెనాలిలో బండి చాలాసేపు ఆగుతుంది, నాలుగడుగులు వేయవచ్చు.

గుంటూరులో మిరపకాయల కాలం. స్టేషన్ బయట అడుగు పెట్టగానే తుమ్ములు మొదలయ్యాయి. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని రిక్షాలో కొట్టు చేరేసరికి, మా ఆయన అప్పటికే వచ్చి జీపు పక్కన నిలబడి ఉన్నారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. పెళ్లిచూపులకి వచ్చినట్టు ఉన్నారని అంటే సిగ్గుపడ్డారు.

మెకానిక్ మస్తాన్ గారు జాకీ వేసి, చక్రం గాలిలో వేలాడేదాకా బండిని లేపి చూపించారు. "చూడండమ్మా, బండిని ఎత్తు చేశారు కానీ షాకబ్జరు పాతదే. పొట్టిది. చక్రం కిందికి జారితే ఇది చివరిదాకా సాగి టక్కున ఆగిపోతుంది. మీకు తగిలే దెబ్బ అదే." చక్రం పూర్తిగా జారినప్పుడు ఒకసారి, పైకి నొక్కుకున్నప్పుడు ఒకసారి టేపు పెట్టి కొలిచారు. సాగినప్పుడు పొడవు చాలాలి, నొక్కుకున్నప్పుడు అడుగుకి వెళ్లి కొట్టుకోకూడదు. ఆ రెండూ కుదిరే పొడవాటివి రెండు రకాలు తెచ్చి పెట్టారు. ఒకటి గ్యాసు నింపినది, గట్టిది. రెండోది ఉత్త ఆయిలుది, మెత్తనిది.

"గట్టివే వేయండి. మావి అసలే నల్లరేగడి డొంకలు" అన్నారు మా ఆయన. ఆ మాటే సబబని మస్తాన్ గారు కూడా అన్నారు. మేం హోటల్లో భోజనం చేసి వచ్చేసరికి బిగించేశారు.

పరీక్షకి పెదకాకాని వైపు వెళ్లాం. పక్క రోడ్డులోకి తిరగగానే తెలిసిపోయింది. సుత్తి దెబ్బ పోయింది కానీ, చిన్న రాయి ఎక్కినా అది నేరుగా నా వెన్నులోకి వస్తోంది. ఆయన ప్రతి గుంట దగ్గరా నా ముఖం చూస్తున్నారు.

"ఎలా ఉంది?"

"బాగానే ఉందండీ."

మరికొంత దూరం పోయాక జీపు పక్కకి ఆపి, ఇంజన్ కట్టేశారు. నా కుడిచేయి ముందున్న కడ్డీని పట్టుకుని ఉంది. ఆయన ఒక్కో వేలూ మెల్లగా విడదీశారు.

"నాకెందుకు అబద్ధం చెబుతావు?"

"ఎంత ఆశగా వచ్చారో చూశాను కదా."

"నా ఆశ జీపు మీద కాదు రత్నం" అన్నారు. తరవాత రోడ్డు వైపు చూస్తూ, "పొయ్యి దగ్గర ఒక్కణ్ణే తింటుంటే అన్నం దిగడంలేదు" అన్నారు.

ఏడాదిగా ప్రతి ఆదివారం వచ్చి, పంట గురించీ, వాన గురించీ చెప్పిన మనిషి. ఈ మాట మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. నేను ఏడ్చాను. ఆయన నా ముఖం చూడకుండా చేయి పట్టుకుని కూర్చున్నారు.

తిరిగి కొట్టుకి వెళ్లి నొప్పిగా ఉందని చెప్పాను. మస్తాన్ గారు జీపు వెనక భాగంలోకి తొంగి చూశారు. "బండిలో మూటలు వేస్తారా సార్?"

"మూటలకి ట్రాక్టరుంది. ఇది ఈవిడ కోసం."

"ఆ మాట ముందు చెప్పాల్సింది, నేనూ అడగాల్సింది. బరువు లేని బండికి గట్టివి వేస్తే మనిషినే కొడతాయి. ఆయిలువి వేస్తాను. కానీ బండి ఎత్తు మీదుంది. మలుపుల్లో ఊగుతుంది. వేగం మానుకోవాలి."

"మానుకుంటాను" అన్నారాయన. కుర్రతనం నుంచీ జీపుని ఎగరేసుకుంటూ తోలిన మనిషి.

ఈసారి అదే రోడ్డులో జీపు గుంటలోకి మెల్లగా దిగి, ఒకసారి ఊగి, నిలదొక్కుకుంది. నొప్పి అసలే లేదా అంటే ఉంది, మంచం మీద పక్కకి తిరిగితే ఉండేంత. "ఇంటికి పోదాం" అన్నాను. ఏ ఇంటికని ఆయన అడగలేదు. ఎస్టీడీ బూతు దగ్గర ఆగి, నేను రావడంలేదని మా చెల్లెలికి ఫోన్ చేశాం. అవతల అది కేకలేస్తుంటే బూతు అబ్బాయికి కూడా వినిపించింది.

హైవేని వెడల్పు చేస్తున్న రోజులవి. చిలకలూరిపేట దాకా ఎక్కడ చూసినా కంకర, మట్టి దారులు. పేటలో టీ తాగి, కాస్త అటూ ఇటూ నడిచి మళ్లీ ఎక్కాను. రోడ్డు వారన కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఏడాదిగా చెల్లెలి ఇంట్లో మేడమీది గది కిటికీ తప్ప ఏమీ చూడని నాకు ఆ ఎరుపు చూస్తుంటే కడుపు నిండింది. ఆఖరి పత్తి తీసి వస్తున్న మా ఊరి ఆడవాళ్లు డొంక మొదట్లో ఎదురయ్యారు. "అక్కొచ్చింది, రత్నమక్కొచ్చింది" అని జీపు చుట్టూ మూగి, నా చేతులు పట్టుకుని చూశారు.

అక్కడినుంచి డొంక. ఎండిపోయిన నల్లమట్టిలో ట్రాక్టరు చక్రాల గాడులు మోకాలి లోతున ఉన్నాయి. ఆయన మొదటి గేరు దాటలేదు. గాడిలో దిగే ముందు "దిగుతున్నాం" అనేవారు, ఎక్కే ముందు "ఎక్కుతున్నాం" అనేవారు. వాగులో చీలమండ లోతు నీళ్లున్నాయి. అదీ దాటాం.

గట్టెక్కాక వెనక నుంచి గంటల చప్పుడు వినిపించింది. మా ఊరి సుబ్బారావు ఎడ్లబండి మా పక్కనుంచే ముందుకు వెళ్లిపోయింది. అతను పగ్గం లాగి, వెనక్కి తిరిగి అడిగాడు.

"ఏం అన్నా, జీపు చెడిపోయిందా?"

"లేదురా, బాగైంది" అన్నారు మా ఆయన, గేరు మార్చకుండానే.