మా పెద్ద మేడం రాసిన ఆఖరి లైను

మా కంప్యూటర్ సెంటర్ పెద్ద మేడం చనిపోయారు. బుధవారం పొద్దున నేను షట్టర్ ఎత్తుతుండగా ఆమె తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్క పోయింది సార్. చాయ్ పెట్టుకుంట పడిపోయింది. దవాఖానాకు తీస్కపోయేలోపే..." అన్నాడు. నేను "ఏ అక్క?" అని అడిగాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ముందురోజు సాయంత్రమే కదా ఆమె నా చేతికి తాళాలిచ్చి, "సోమవారం కొత్త బ్యాచ్ వస్తది తమ్ముడూ, ఆ రోజన్న జల్దీ రా" అని ఎత్తిపొడిచి వెళ్ళారు. జబ్బు లేదు, జ్వరం లేదు. మనిషి ఇట్లా ఎట్లా పోతుందో నాకు అర్థం కాలేదు, ఇప్పటికీ కావడం లేదు.

ఆమె సొంతూరు కారేపల్లిలో మట్టి చేసి వచ్చాం. పాస్టరు గారు ప్రార్థన చేస్తుంటే నా బుర్రలో ఒకటే ఆలోచన. సెంటర్లో వేసుకునే ఆమె రబ్బరు చెప్పులు గుమ్మం పక్కనే ఉన్నాయి, వాటినేం చేయాలి అని.

భద్రాచలంలో మా సెంటర్‌కు వచ్చేవాళ్ళలో చాలామంది కంప్యూటర్‌ను మొదటిసారి ముట్టుకునేవాళ్ళే. గోదావరి అవతల పినపాక వైపు నుంచి, అడవి ఊళ్ళ నుంచి బస్సు దిగి వస్తారు. వాళ్ళకు ప్రోగ్రాములు రాయడం నేర్పుతాం. ప్రోగ్రాము రాసుకునే సాఫ్ట్‌వేర్‌ను ఎడిటర్ అంటారు. అది తెరిస్తే ఎట్లా కనబడాలి, ఏ మీట నొక్కితే ఏం జరగాలి అనేది ఒక చిన్న సెట్టింగుల ఫైల్‌లో ఉంటుంది. అందరూ దాన్ని ఒకసారి పెట్టి వదిలేస్తారు. మేడం మాత్రం ఇంట్లో కూర వండినట్టు రోజూ దాని రుచి చూసేవారు.

ఆమె పద్ధతి ఒకటుంది. కొత్తగా వచ్చినవాళ్ళు కూర్చున్నప్పుడు నేర్పేవాళ్ళు కీబోర్డు ముట్టకూడదు. చేతులు వెనక్కి కట్టుకొని వాళ్ళ వెనక నిలబడాలి. నాకేమో చెయ్యి ఊరుకోదు. "తమ్ముడూ, చేతులు ఎనకకు పెట్టు. వాళ్ళ చెయ్యి ఏడ ఆగుతదో చూడు. ఆగిన కాడ మన తప్పు ఉంటది" అనేవారు. ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక ఫైల్ తెరిచి, చెయ్యి ఆగిన చోటును సరిచేసేవారు.

ఒకసారి అడవి ఊరి నుంచి వచ్చిన ఒకామె తప్పు మీట నొక్కితే కంప్యూటర్ కుయ్యిమంది. ఆమె లేచి, చెప్పులు తొడుక్కొని, మాటామంతీ లేకుండా బస్టాండు దారి పట్టింది. మిషన్ పాడుచేశాననుకుంది పాపం. మేడం వెంటపడి తీసుకొచ్చారు. ఆ సాయంత్రమే ఆ మోత తీసేశారు. కరెంటు పోయి రాసిందంతా పోయిందని ఇంకొకరు ఏడిస్తే, దానంతటదే సేవ్ అయ్యేట్టు చేశారు. నేను సరదాపడి రంగులూ బొత్తాలూ పెడితే అన్నీ పీకేశారు. "గివన్నీ నీ కోసం పెట్టుకున్నవ్. వచ్చేటోళ్ళ కోసం ఒక్కటన్న పెట్టినవా?" అన్నారు. నేను మూతి ముడుచుకుంటే చాయ్ తెప్పించారు.

పోయే ముందురోజు ఆమె ఆ ఫైల్‌లో చివరి మార్పు చేశారు. ఎడిటర్ తెరవగానే పైన ఒక లైను కనబడుతుంది, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు: "రండి. కూర్చోండి. ఏం నొక్కినా ఏమీ పాడుకాదు." నన్ను పిలిచి చూపించారు. మస్తుందన్నాను. "మనకు మస్తుగనే ఉంటది. సోమవారం చూద్దాం" అన్నారు.

ఆమె లేని సోమవారం వచ్చింది. ఆ ఫైల్‌ను అన్ని మిషన్లలోకీ ఎక్కించాను. ఇక దాంట్లో ఒక్క అక్షరం కూడా ఎవరినీ ముట్టనివ్వనని గట్టిగా అనుకున్నాను. ఆమె గుర్తుగా నాకు మిగిలింది అదొక్కటే.

పినపాక అమ్మాయి ఒకామె ముందు వరసలో కూర్చుంది. నేను చేతులు వెనక్కి కట్టుకొని నిలబడ్డాను. ఆమె తెర మీది లైను చదివింది. వేళ్ళు మీటల దాకా వచ్చి ఆగిపోయాయి.

"ఏందమ్మా, ఏమైంది?"

"ఈడ ఎవరో రాసుకున్నరు సార్. నేను రాస్తే వాళ్ళది ఖరాబైతది గద?"

పక్క కుర్చీలో ఉన్నామె కూడా తలూపింది. "అవ్ సార్, నేను గూడ గందుకే ఆగిన."

అది మీకోసమే రాసింది అని చెబుదామని నోటిదాకా వచ్చింది. కానీ పక్కన నిలబడి విడమరిచి చెప్పాల్సొస్తే ఆ సెట్టింగు పనికిరానట్టే అనేవారు మేడం. ఆమె ఉంటే నవ్వేసి, సాయంత్రానికి ఆ లైను తీసేసేవారు. నాకది తెలుసు.

సాయంత్రం దాకా ఆగితే నాకు ధైర్యం చాలదనిపించింది. మేడం కుర్చీలో కూర్చొని ఫైల్ తెరిచాను. లైను చివర కర్సర్ పెట్టాను. నా చెయ్యి అక్కడ ఆగిపోయింది. వెనక ఎవరైనా నిలబడి చూస్తున్నారేమోనని తిరిగి చూశాను. ఎవరూ లేరు. చెరిపేశాను.

మార్చిన ఫైల్‌ను అన్ని మిషన్లలోకీ ఎక్కించి ఎడిటర్ మళ్ళీ తెరిచేసరికి ఆ పినపాక అమ్మాయి ముందు తెర ఖాళీగా ఉంది. ఆమె ఒక్కో మీటా వెతుక్కుంటూ తన పేరు టైపు చేయడం మొదలుపెట్టింది. నేను వెళ్ళి ఆమె వెనక, చేతులు వెనక్కి కట్టుకొని నిలబడ్డాను.