వాద్యం: బిషెంతె

మా ఊరి పండగ కరపత్రాన్ని ఎవరూ కొత్తగా రాయరు. పోయినేటి కాగితం తీసి, తేదీలు మార్చి, అచ్చుకిచ్చేస్తారు. ఆగస్టు పద్నాలుగు సాయంత్రం మునిసిపాలిటీ బాల్కనీ మీంచి తారాజువ్వ. పదిహేనున తెల్లారగానే వీధి వీధికీ మేలుకొలుపు, వాద్యం: బిషెంతె. పదకొండింటికి మేడంత ఎత్తు బొమ్మల ఊరేగింపు, వాద్యం: బిషెంతె. గుళ్లో పాదిరి పూజ అయ్యాక కూడలిలో ఔర్రెస్కు నాట్యం, వాద్యం: బిషెంతె. అక్కణ్ణుంచి భోజనాల పందిరి దాకా ఊరంతా కలిసి నడక, వాద్యం: బిషెంతె. నలభై ఆరేళ్లుగా ఆ కాగితం నిండా ఇదొక్కటే పేరు. పండగ దేవమాతది, కానీ ఆవిడ పేరు కూడా అన్నిసార్లు ఉండదు.

బిషెంతె ఊదేది చిస్తు. మూడు రంధ్రాల గొట్టం, ఎడమ చేత్తో నిలువునా పట్టుకుని ఊదాలి. అదే చేతికి చిన్న డోలు వేలాడుతుంది, కుడిచేత్తో పుల్ల పట్టి దాన్ని కొట్టాలి. అంటే నోటికీ రెండు చేతులకీ ఒక్కసారే పని. వాయిస్తుండగా ముక్కు మీద ఈగ వాలితే అది వెళ్లిపోయేదాకా ఓర్చుకోవడమే తప్ప దారి లేదని మా వాళ్లు అతన్ని ఏడిపిస్తుంటారు.

అతనికిప్పుడు డెబ్బై నాలుగు. గుడి గంటలు కొట్టే ముసలాయన దగ్గర పద్నాలుగో ఏట నేర్చుకున్నాడు. ఆయన పోయాక, నువ్వు చేస్తావా అని ఎవరూ అడక్కుండానే ఆ పని ఇతని నెత్తిన పడింది. పొట్ట కోసం చేసింది వేరే ఉద్యోగం: లోయలో ఇనుము కరిగించే ఫ్యాక్టరీలో ముప్ఫై ఎనిమిదేళ్లు కొలిమి ముందు నిలబడ్డాడు. శనాదివారాలు పెళ్లిళ్లు, మధ్యలో చావులు, ఏడాదికోసారి ఈ పండగ మూడు రోజులు. కొలిమి పొగ ఊపిరితిత్తుల్లో అలాగే ఉండిపోయింది. నాలుగు మెట్లెక్కితే దగ్గు. ఇంక ఊదితే నా దగ్గరికి రావద్దని డాక్టరు మొహం మీదే చెప్పాడట. అందుకని ఈ ఏడు పండగే ఆఖరని కమిటీకి చెప్పేశాడు.

నా పేరు ఇన్యాషి. కూడలిలో గుడికెదురుగా ఉన్న రొట్టెల కొట్టు నాది. పండగంటే ఊరికి పండగేమో, నాకు మాత్రం నాలుగు రెట్ల పిండి పిసకడం. తెల్లవారుజామున ఊళ్లో లేచి ఉండేది మేమిద్దరమే, నేను పొయ్యి దగ్గర, అతను మేలుకొలుపుకి. తలుపు తట్టి కాఫీ అడుగుతాడు. ఇద్దరం మాట్లాడుకునేంత ఓపిక లేక ఊరికే కూర్చుంటాం. తర్వాత అతను లేచి వీధుల్లో పడి వాయించుకుంటూ పోతే, రాత్రంతా తాగిన వాళ్లు కిటికీలు తెరిచి పడుకోనివ్వమని తిడతారు. మధ్యాహ్నం వాళ్లే వచ్చి వీపు మీద చరిచి, నువ్వు లేనిదే పండగేముందోయ్ అంటారు.

అతని భార్య గార్బిన్యె, నేనూ ఒకే బెంచీ మీద చదువుకున్నాం. రెండేళ్ల కిందట మార్చిలో పోయింది. మా దగ్గర పెద్దల్ని గౌరవించాలన్నా, పోయినవాళ్లని సాగనంపాలన్నా ఔర్రెస్కు ఆడతారు. ఒక్క మనిషే ముందుకొచ్చి, టోపీ తీసి, వంగి దండం పెట్టి, కాళ్లు తల ఎత్తుకి ఎగరేసి ఆడాలి. గౌరవం అందుకునే వాళ్లు కదలకుండా నిలబడాలి, అంతే. ఆ రోజు గుడి బయట శవపేటిక ముందు ఆడింది మా అన్న కూతురు ఐత్సిబెర్. మరి వాయించిందెవరు? ఊళ్లో ఎవరు పోయినా వాయించేవాడే వాయించాడు. ఇవాళ వద్దులే బిషెంతె అని ఒక్కళ్లకీ తోచలేదు. నాకూ తోచలేదు. నల్లకోటు వేసుకుని, చిస్తు జేబులో పెట్టుకుని తనే వచ్చాడు.

ఆ ఐదు నిమిషాలు నేను ఫోన్ పట్టుకుని వీడియో తీస్తూ నిలబడ్డాను. గార్బిన్యె చెల్లెలు మఠంలో సన్యాసిని, గడప దాటి రాదు, ఆమె కోసం. బిషెంతె కళ్లలోంచి నీళ్లు కారి, ముక్కు పక్కనుంచి చిస్తు మీదికి దిగుతున్నాయి. తుడుచుకోవడానికి చెయ్యి లేదు. మధ్యలో ఊపిరందక పాట తెగిపోయింది. ఐత్సిబెర్ ఒక కాలు గాల్లోకి ఎత్తి ఉంది. ఎత్తిన కాలు దించకుండా అలాగే ఆగింది. మూడు నాలుగు సెకన్లేమో. అతను దగ్గి, మళ్లీ ఊదాడు, ఆమె కాలు దించింది. నా ఎప్రాన్ జేబులో చేతిరుమాలు ఉంది. ఫోన్ వదిలేసి వెళ్లి అతని మొహం తుడిచి ఉండాల్సింది. వెళ్లలేదు. దానికి ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

ఈ ఏడు కరపత్రాలు జులై ఆఖర్లో వచ్చాయి. కొట్టులో కట్ట విప్పేసరికి బిషెంతె రొట్టె కోసం వచ్చి నిలబడి ఉన్నాడు. ఒకటి అందుకుని, కళ్లజోడు పెట్టుకుని, పదిహేనో తేదీ దగ్గర ఆగాడు. కమిటీ వాళ్లు అతనికి తెలియకుండా ఒక పని చేశారు, మంచి పనే. "ఈ ఏటి ఔర్రెస్కు మన బిషెంతె గౌరవార్థం" అని పెద్దక్షరాల్లో వేయించారు. ఆ కింద పాత వాక్యం తీయడం మర్చిపోయారు. వాద్యం: బిషెంతె.

నేను పొట్ట పట్టుకుని నవ్వాను. అతనూ నవ్వాడు, నవ్వు దగ్గులోకి దిగింది. నీళ్లిచ్చాను. తాగి, గ్లాసు బల్ల మీద పెట్టి అన్నాడు:

"తప్పు కాదులే ఇన్యాషి. నేను కాక ఇంకెవరున్నారు?"

"ఉంటారు. పక్కూళ్లన్నీ గాలించమను."

"నాకీ గౌరవాలూ అవీ అక్కర్లేదు. గార్బిన్యె పోయిన రోజు నేను దాన్ని చూడలేదు. గొట్టం కొస చూశాను, ఐత్సిబెర్ కాళ్లు చూశాను. పెట్టె ఎప్పుడు కదిలిందో కూడా తెలీదు. ఒక్కసారి... చేతుల్లో ఏమీ లేకుండా ఆ పాట ముందు నిలబడాలనుంది. అంతే."

నలభై ఆరేళ్లలో అతను తన కోసం ఏదైనా అడగడం నేను వినడం అదే మొదటిసారి. అదైనా అడిగింది నన్ను, రొట్టెలమ్ముకునేదాన్ని.

కమిటీ పెద్ద ఐత్సిబెరే. పిలిచి చెప్పాను. పాపం బాగానే తిరిగింది. కానీ ఆగస్టు పదిహేను దేవమాత పండగ మాకొక్కళ్లకే కాదు కదా, సగం ఊళ్లది. చిస్తు పట్టిన ప్రతివాడూ వాళ్ల ఊళ్లో వాయిస్తుంటాడు. ఒకడు పళ్లు కట్టించుకున్నాడు, ఊదలేడు. ఇంకొకడు సాయంత్రం ఆరుకైతే వస్తానన్నాడు, అప్పటికి మా వాళ్లు సగం మంది ఆపిల్ కల్లు తాగి బల్లల కింద ఉంటారు. పండక్కి నాలుగు రోజుల ముందు ఐత్సిబెర్ కొట్టుకొచ్చి గోడకానుకుని నిలబడింది.

"అత్తా, వాయించమని ఆయన్నే అడిగాను. సరే అన్నారు."

"అంటాడు. ఎప్పుడు కాదన్నాడని? పెళ్లికొడుకువీ నువ్వే, బాజాలవాడివీ నువ్వే అంటే కూడా సరే అంటాడు."

"ఐదు నిమిషాలే కదా. నన్నేం చెయ్యమంటావు? రద్దు చెయ్యమంటావా? ఊరంతా చదివేసింది."

మొహం చూస్తే నిద్రలేదు. దానికీ ఇద్దరు పిల్లలు, ఉద్యోగం, పైన ఈ కమిటీ. ఇంక తిట్టబుద్ధి కాలేదు. వేడి రొట్టె ఒకటి చేతిలో పెట్టి పంపించేశాను.

మధ్యాహ్నం కొట్టు మూసి ఫోన్ తీశాను. రెండేళ్లుగా ఆ వీడియో తెరవలేదు. సగం చూసి ఆపేశాను. తిన్నగా బిషెంతె ఇంటికి వెళ్లాను. వెనక పెరట్లో చిక్కుడు కోస్తున్నాడు. దాచిపెట్టి, పండగరోజు గుండె మీద గుద్దినట్టు వినిపించడం నాకిష్టం లేదు. ఉన్నదున్నట్టు చెప్పాను: అతను వాయించిన ఔర్రెస్కు నా దగ్గరుంది, మైకులో పెట్టొచ్చు, కానీ అది ఫలానా రోజుది.

అతను చిక్కుడుకాయల చివర్లు తుంచుతూ కూర్చున్నాడు.

"మధ్యలో తెగింది కదా?" అన్నాడు చివరికి.

"తెగింది."

"దగ్గు వినబడుతుందా?"

"వినబడుతుంది."

"మరి ఐత్సిబెర్ దానికెలా ఆడుతుంది?"

"దానికి తెలుసు. అప్పుడూ ఆడింది అదే."

ఇంకో కాయ తుంచాడు. "అయితే పెట్టు," అన్నాడు. "అది నేను వినలేదు. వాయించానంతే."

పదిహేనున తెల్లవారుజామున మామూలుగానే తలుపు తట్టాడు. కాఫీ తాగాడు. మేలుకొలుపు సగం వీధుల్లోనే అయింది, మిగతా సగానికి ఊపిరి లేదు. బొమ్మల ఊరేగింపులో రెండుసార్లు అరుగుల మీద కూర్చున్నాడు. ఆ మేడంత రాజూ రాణీ బొమ్మలు అతను లేచేదాకా ఎండలో నిలబడ్డాయి, లోపల మోస్తున్న కుర్రాళ్లు గొణుగుతున్నారు. పూజ అయింది. జనం కూడలిలో గుండ్రంగా నిలబడ్డారు. బిషెంతె నా దగ్గరికొచ్చి డోలు నా ఎడమ చేతికి తగిలించాడు, చిస్తు నా గుప్పిట్లో పెట్టాడు. "కింద పెట్టకు," అన్నాడు. ఆ డోలుని అతను ఎన్నడూ నేల మీద పెట్టలేదు. తర్వాత మధ్యకెళ్లి, టోపీ తీసి జేబులో కుక్కి నిలబడ్డాడు. చేతులు ఏం చెయ్యాలో తెలియక ఒకసారి జేబుల్లో పెట్టుకుని, మళ్లీ తీసేశాడు.

మైకులో ముందు వీడియోలోని నా గొంతే వచ్చింది. "నొక్కానో లేదో ఏవిటో, ఎర్రచుక్క కనబడదేం?" అని ఊరంతా వినబడింది. జనం గొల్లుమన్నారు. సిగ్గుతో చచ్చాను. తర్వాత డోలు దెబ్బ పడింది, చిస్తు మొదలైంది, నవ్వులు ఆగిపోయాయి. అది ఏనాటి పాటో చెప్పక్కర్లేకుండానే చాలామందికి తెలిసిపోయింది. ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఐత్సిబెర్ వంగి దండం పెట్టి ఆడింది. అతను కదలకుండా చూస్తున్నాడు, ఆమెని కాదు, ఆమె వెనక గుడి మెట్ల వైపు. ఆ రోజు పేటిక ఉన్న చోటు వైపు. పాట సాగి సాగి, ఆ చోటుకొచ్చి తెగింది. మైకులో దగ్గు. ఐత్సిబెర్ కాలు గాల్లో ఉంది. దించలేదు. మూడు సెకన్లు, నాలుగు. బిషెంతె పెదవులు మాత్రం కదిలాయి, ఊదడానికి సాయం చేస్తున్నట్టు. చిస్తు మళ్లీ పలికింది. ఆమె కాలు దించింది. అప్పుడు అతని కళ్లలోంచి నీళ్లు కారడం మొదలైంది.

ఈసారీ నా చేతులు ఖాళీగా లేవు. ఒక చేతికి డోలు, ఇంకో చేతిలో చిస్తు. అయినా ఆగలేదు. పాట ముగిసీ ముగియకముందే చిస్తు చంకలో ఇరికించుకుని, డోలు అలాగే ఊగుతుండగా కూడలి మధ్యకి నడిచాను. ఆచారం ప్రకారం ఆటయ్యేదాకా ఎవరూ అలా వెళ్లకూడదు. వెళ్లాను. ఎప్రాన్ జేబులోంచి చేతిరుమాలు తీసి అతని మొహం దగ్గరికి తీసుకెళ్లాను.

అతను నా మణికట్టు మెల్లగా పట్టుకుని ఆపాడు.

"ఉండనీ ఇన్యాషి. ఇవాళ నా చేతులు ఖాళీయే. కావాలంటే నేనే తుడుచుకుంటాను."

ఇక భోజనాల పందిరి దాకా నడవాలి. ముందు చిస్తు లేకుండా ఎలా నడవాలో మా ఊరికి తెలియదు. అందరూ నిలబడి అతనికేసి చూశారు. అతను గుడి మెట్లకేసి చూస్తూ అలాగే నిలబడ్డాడు. మొహం తుడుచుకోలేదు.