మా మరిది తిప్పి పంపిన నోటీసు

ఒక దేశపు కోర్టు ఇచ్చిన తీర్పు ఇంకో దేశంలో చెల్లుతుందా, చెల్లదా? లా కాలేజీలో నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ చెప్పింది ఈ పాఠమే. పిల్లలు నిద్రకు జోగుతుంటే మా ఊరి సంగతి ఎత్తుకునేదాన్ని. మావైపు కోర్టు నోటీసొస్తే సంతకం పెట్టరు, తలుపేసుకుంటారు. తీసుకోకపోతే కేసు లేనట్టేనని ధీమా. వద్దని తిప్పి పంపినా చట్టం లెక్కలో ముట్టినట్టే అనేదాన్ని. క్లాసంతా ఘొల్లున నవ్వేది.

చివరికి అది మా ఇంట్లోనే జరిగింది. మా చెల్లెలి కూతురు ఐర్లాండులో నర్సు. భర్తతో పొసగక, చిన్నపాపను తీసుకుని త్రిపురాంతకంలో పుట్టింటికి వచ్చేసింది. అతను అక్కడి కోర్టుకెక్కాడు. నోటీసొస్తే పిల్ల తండ్రి, మా మరిది, పోస్ట్‌మన్‌ను గుమ్మంలోంచే పంపేశాడు.

"నాయన ఎనక్కి పంపించినాడు పెద్దమ్మా," అని పిల్ల ఆ రోజే ఫోన్ చేసింది. అక్కడ వెంటనే లాయర్ను పెట్టమని మొత్తుకున్నాను.

"కాగితమే తీసుకోలేదు, ఇంక కేసు యాడిది వదినా?" అన్నాడు మా మరిది మహానుభావుడు.

పాపను తిప్పి పంపాలని అక్కడ తీర్పొచ్చింది. అది పట్టుకుని అతను మార్కాపురం కోర్టుకొచ్చాడు.

విచారణ రోజు నేను వెనక బెంచీలో కూర్చున్నాను. పాప మా చెల్లెలి ఒళ్లో బిస్కెట్ తింటోంది. నోటీసు సంగతి పిల్లకు తెలియనే తెలియదని తేలితే, తన మాట చెప్పుకునే వీలే దొరకలేదని ఆ తీర్పు ఇక్కడ బలహీనపడుతుంది. ఎవరు చెప్పారో గానీ మా మరిదికి ఆ కిటుకు తెలిసింది. ప్రతి ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చునే మనిషి, బోనెక్కి దేవుడి మీద ప్రమాణం చేసి, "నోటీసు నేనే ఎనక్కి పంపేసినా సార్. పిల్లకు చెప్పనే లేదు," అన్నాడు.

అబద్ధమని నాకు తెలుసు. అయినా అది నిలబడితే బాగుండునని మనసులో దండం పెట్టుకున్నాను.

తర్వాత పిల్ల బోనెక్కింది. జడ్జిగారు సూటిగా అడిగారు. "నోటీసు సంగతి నీకు తెలియదా అమ్మా?"

పిల్ల నావైపు చూసింది. నేను తల దించుకున్నాను.

"తెలుసు సార్. ఆ కోర్టుకు పోతే పాపను అక్కడే పెట్టుకుంటారని భయపడినా."

మా చెల్లెలు పాపను గట్టిగా పొదువుకుంది. జడ్జిగారు రాయడం ఆపి పసిదాని వైపు చూశారు. ఐర్లాండు కోర్టు తీర్పు చదివి చూస్తాననీ, అయినా పాప మంచిచెడ్డలు తానే విచారించి తేలుస్తాననీ, అంతవరకూ తల్లి దగ్గరే ఉండాలనీ అన్నారు.

వరండాలోకి రాగానే మరిది కూతురి మీద విరుచుకుపడ్డాడు. "అంతా నా నెత్తినేసుకున్నా గదా! నోరు మూసుకోని ఉండలేకపోయినావా?"

"నాతో కూడా దేవుడి మీద అదే ప్రమాణం చేయించినారు నాయనా," అంది పిల్ల.

పాపను ఎత్తుకుని బస్టాండు వైపు నడిచింది. మరిదీ నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా వెనకాల నడిచాం.